చివరి పాదం చెప్పకూడదు

లార్క్‌మూర్ అకాడమీ హాస్టల్,
దక్షిణ లండన్,
సెప్టెంబరు, 1992

ఐవీ అత్తకు,

క్షేమంగా చేరాను. పోయినేడాది గదే ఇచ్చారు, కిటికీ ఇంకా మూసుకోదు. నువ్వు కట్టిచ్చిన అల్లం కేకు రైల్లోనే సగం అయిపోయింది. మిగతా సగం నా గదిలో ఉండే అమ్మాయి "నేను తీపి ముట్టను" అంటూనే తినేసింది.

మూడో ఏడు కదా, ఇప్పుడు అసలు సంగతికి వచ్చారు. మొదటి రెండేళ్ళూ పాట, ఆట, మాట నేర్పారు. ఈ ఏడు నేర్పేది మమ్మల్ని మేం అమ్ముకోవడం. సోమవారం పొద్దున్నే 'నీ బాపతు ఏది' అని ఒక క్లాసు. నటన విభాగానికి పెద్దాయన జూలియన్ ఫెన్. సార్ అంటే నొచ్చుకుంటాడు, పేరు పెట్టే పిలవాలి. ఆయన మమ్మల్ని ఒక్కొక్కరినీ ముందు నిలబెట్టి, చుట్టూ తిరిగి చూసి, మా మొహం ఏ వేషం కోసం పుట్టిందో తేల్చేస్తాడు.

"బెవర్లీ, నువ్వు పక్కింటి పిన్నివి" అన్నాడు నన్ను చూసి.

"నాకింకా ఇరవై ఒకటే కదా జూలియన్?"

"అదేనమ్మా చిక్కు. నలభై దాటనీ, పని మీద పని వస్తుంది నీకు."

"అప్పటిదాకా ఏం చెయ్యను?"

"ఓపిక పట్టు. ఓపిక కూడా శిక్షణే."

పేరు కూడా మార్చారు. బెవర్లీ పిల్లింగ్ అంటే చేపల కొట్టు బోర్డులా ఉందట. ఇక రంగస్థలం మీద నేను ఇసబెల్ వేన్‌ని. ఇంకొకటి విను. రెండేళ్ళు నానా తంటాలూ పడి నా నోట్లోంచి మన లాంకషైర్ యాస పీకేశారా, ఈ ఏడు 'ప్రాంతీయ యాసలు' అని కొత్త క్లాసు పెట్టి దాన్నే తిరిగి నేర్పుతున్నారు. నేర్పే ఆయన లండన్ దాటి ఉత్తరానికి ఎన్నడూ వచ్చినవాడు కాదు. నా లాంకషైర్ యాస విని 'నమ్మబుద్ధి కావడం లేదు' అని రాసి సగం మార్కులు వేశాడు.

నవ్వులాటకేం గాని, మే నెలలో ఆఖరి ప్రదర్శన. ఒక్కొక్కరికీ ఒక్క పాట. హాలు నిండా వేషాలిప్పించే ఏజెంట్లు కూర్చుంటారు. వాళ్ళలో ఒక్కరు నన్ను తీసుకుంటే బతికాను. లేదంటే మోర్‌కామ్ వచ్చి సముద్రం ఒడ్డున ఐస్‌క్రీమ్ అమ్ముకోవడమే. ఇది తప్ప నాకింకేదీ రాదు అత్తా, ఇంకేదీ అక్కర్లేదు కూడా.

నాకిచ్చిన పాట ఓడరేవులో టికెట్లు అమ్మే పిల్లది. ఊరందరినీ పడవ ఎక్కిస్తుంది, తను మాత్రం ఎక్కదు. చివరి పాదంలో ఎక్కుతుంది. నిన్న క్లాసులో పాడాను. చివరి పాదం దగ్గరికి వచ్చేసరికి నోరు దానంతటదే మూసుకుపోయింది. లలలా అని గొణిగి ఊరుకున్నాను. అందరూ వింతగా చూశారు. అంతా నీ పెంపకం.

నీ బెవ్

*

మోర్‌కామ్,
అక్టోబరు

పిల్లా బెవ్,

పక్కింటి పిన్నివా నువ్వు! ఆ మహానుభావుడి పక్కింట్లో ఎలాంటి పిన్నులున్నారో ఒకసారి వెళ్ళి చూడాలి.

చివరి పాదం దగ్గర నోరు మూసుకున్నావంటే నాకు కడుపు నిండింది. క్రిస్మస్‌కి పిల్లలకోసం ఆడే పాంటో నాటకాల్లో పెరిగిన పిల్లవి, ఇంకెలా ఉంటావు? ఆ ఆటలో దేవకన్య వచ్చి చివరి రెండు పాదాలూ పలికితేనే కథ ముగుస్తుంది. వాటిని రిహార్సల్లో ఎవరూ పలకరు. జనం వచ్చి కూర్చున్నాకే పలకాలి. ఖాళీ కుర్చీల ముందు ఆట ముగించేస్తే, టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళకి మనం పెట్టేది ఎంగిలి కూడు కాదూ?

నా చిన్నతనంలో రాజుగారి వేషం కట్టే ఒకాయన పంతానికి పోయి రిహార్సల్లో ఆ పాదాలు గొంతెత్తి చదివాడు. మొదటి ఆటనాడే తెర ఊడి నెత్తిన పడింది. తెర పాతది, తాడు పుచ్చింది, అదంతా నిజమే. ఆయన నోరు మూసుకుని ఉంటే ఆ తాడు ఇంకో ఏడు ఆగేదని నా నమ్మకం.

ఇక్కడ ఎంప్రెస్ థియేటర్లో వచ్చే నెల రిహార్సళ్ళు మొదలు. మేనేజరు డెస్మండ్ ఈ ఏడు టీవీలో ప్రశ్నలడిగే డెరిక్ అనేవాణ్ణి పట్టుకొచ్చాడు. వాడికి పాట రాదు, ఆట రాదు, నవ్వడం మాత్రం వచ్చు. గోడలకంటించిన బొమ్మలో వాడి పళ్ళు ఉన్నంత కూడా నా పేరు లేదు. ఉండనీ. దేవకన్య రెక్కలు నావే కదా.

ఇంతకీ, నోరెందుకు మూసుకున్నావో వాళ్ళకి చెప్పావా? మా అత్త పాంటోలో దేవకన్య అని చెబితే ఏడ్చి గీపెట్టేవాడు కూడా నోరు మూసుకుంటాడు.

మీ అత్త

*

దక్షిణ లండన్,
నవంబరు

అత్తా,

చెప్పలేదు. చెప్పకపోవడంతో పెద్ద రామాయణమే అయింది.

జూలియన్ నన్ను క్లాసు నడిమధ్య కూర్చోబెట్టాడు. "ముగింపంటే నీకెందుకమ్మా అంత భయం? నిన్నెవరు వదిలేసి వెళ్ళారు?" అన్నాడు.

"ఎవరూ వదిలెయ్యలేదు. మా అత్త..."

"అత్త!" అని కళ్ళు మూసుకున్నాడు. క్లాసంతా నిట్టూర్చింది. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది కూడా. ఆ తర్వాత నన్ను నేలమీద పడుకోబెట్టి, ఒక పొడుగాటి కుర్రాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, "ఇదిగో మీ అత్త, మనసులో ఉన్నదంతా కక్కెయ్" అన్నారు. ఏం కక్కను? భోజనాల వేళయింది. "నిన్ను క్షమించానత్తా" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. కాబట్టి నిన్ను క్షమించాను. ఎందుకని మాత్రం అడక్కు.

నిజం చెప్పెయ్యొచ్చు కదా అంటావు. ఇక్కడ పాంటో అనే మాట ఎత్తితే చర్చిలో త్రేన్చినట్టు చూస్తారు. చదువు పూర్తయినవాళ్ళెవరైనా పాంటోలో చేరితే వాళ్ళ ఫోటో గోడమీంచి తీసేస్తారు. మీ అత్త ఏం చేస్తుందని అడిగితే 'ఉత్తరాన రంగస్థలం మీద పని' అని ఊరుకున్నాను.

జనవరిలో లోపలి పరీక్ష. బయటినుంచి ఒకావిడ వచ్చి వింటుంది. అప్పుడు కూడా పాట పూర్తి చెయ్యకపోతే ఆఖరి ప్రదర్శనలోంచి తీసేస్తానన్నాడు జూలియన్. ఏం చెయ్యను? పాడేద్దామని ప్రతి రోజూ అనుకుంటాను. నోరు తెరవగానే నువ్వు రెక్కలు కట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడతావు.

బెవ్

*

మోర్‌కామ్,
జనవరి, 1993

బెవర్లీకి,

'ఉత్తరాన రంగస్థలం మీద పని.' మాట బాగుంది. సమాధి మీద చెక్కించుకుంటాను.

నీకు అడుగులు నేర్పిన కాళ్ళు ఆ పాంటోలోనే అరిగాయమ్మా. మీ నాన్న నిన్ను నా దగ్గర దించి చేపల పడవ ఎక్కిన ఏడు, తెర పక్కన యాపిల్స్ బుట్టలో కూర్చుని ఆట చూసేదానివి. అప్పుడు నీకు సిగ్గెయ్యలేదు. నాకు కోపమొచ్చింది, చెప్పేశాను, అయిపోయింది.

పాంటో ముగిసింది. డెరిక్ మొదటి రిహార్సల్లోనే కాగితం చూస్తూ నా చివరి పాదాలు కూడా కలిపి చదివేశాడు.

"అయ్యో బాబూ, అవి చదవకూడదు" అన్నాను.

"ఎవరో ఒకరు చదవాలి కదా బామ్మగారూ!" అన్నాడు.

తెర పడలేదు. వాడి కాలు విరగలేదు. హాలు రోజూ నిండింది. అదే నా బాధ.

ఆఖరి రోజు డెస్మండ్ నన్ను పిలిచి టీ ఇప్పించాడు, జాము రాసిన బన్నుతో సహా. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఎవరికీ టీ ఇప్పించి ఎరగడు. ఆ ముచ్చట తర్వాత.

పరీక్షలో పాడేసెయ్. ఒక ముసలిదాని పట్టింపు కోసం నీ బతుకు బుగ్గి చేసుకోకు. ఆ టీవీవాడికి ఏమీ కాలేదు, నీకూ ఏమీ కాదు.

అత్త

*

దక్షిణ లండన్,
ఫిబ్రవరి

అత్తా,

ముందు నన్ను తిట్టు. ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. సిగ్గుపడ్డ మాట నిజమే. నీ గురించి కాదు, వాళ్ళు నవ్వుతారేమోనని. రెండూ ఒకటేనని నీ ఉత్తరం చదివాక తెలిసింది.

ఇప్పుడు విను. పాడెయ్యమన్నావు, పాడలేదు. పరీక్ష గదిలో బయటినుంచి వచ్చిన ఆవిడ, జూలియన్, పియానో ఆయన, అంతే. మిగతావన్నీ ఖాళీ కుర్చీలు. చివరి పాదం దాకా వచ్చి ఆగిపోయాను. జూలియన్ మొహం సున్నం కొట్టినట్టయింది. ఇక మూట సర్దుకోవడమే అనుకున్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఎంత ధైర్యం! ముగించకుండా వదిలేశారు. పడవ ఎక్కిందో లేదో మనల్నే ఊహించుకోమన్నారు. ఎవరిదీ ఆలోచన?" అంది.

నేను నోరు తెరిచేలోపే జూలియన్ లేచి నిలబడ్డాడు. "మా దగ్గర అలాగే నేర్పుతామండీ" అన్నాడు.

మర్నాటికల్లా దానికి పేరు పెట్టాడు. అసంపూర్ణ విధానం. ఇప్పుడు క్లాసులో ఎవరూ చివరి పాదం పాడకూడదు. మొన్న ఒక కుర్రాడు మరిచిపోయి పాడేస్తే "నీకింత తొందరేం?" అని బయట నిలబెట్టాడు. కొత్తగా చేరేవాళ్ళకిచ్చే పుస్తకంలో దీని మీద ఒక పేజీ కూడా వేస్తున్నారు. అందులో నీ పేరు లేదు, నా పేరూ లేదు. ఆదిమ నాటక సంప్రదాయాలు అని మాత్రం ఉంది. ఆదిమ అంటే నువ్వే.

నీకు టీ ఎందుకిప్పించాడు? రాస్తానని రాయలేదు.

బెవ్

*

మోర్‌కామ్,
మార్చి

పిల్లా,

ఆదిమ అన్నవాడి నోట్లో అల్లం కేకు పడ. మన పెరటి మొక్కకి లండన్‌లో కుండీ దొరికింది, సంతోషం.

టీ సంగతి ఏముంది, డెస్మండ్‌కి ముసలితనం వస్తోంది, మంచి బుద్ధి పుట్టి ఉంటుంది. నా శనివారం క్లాసుకి కొత్తగా కవల పిల్లలు చేరారు. ఇద్దరికీ కలిపి ఒక్క కుడి కాలే ఉన్నట్టు ఎగురుతారు. మోకాలు కొంచెం సలుపుతోంది. అంతా బాగానే ఉంది.

ఒక్క మాట. మీ వాళ్ళందరూ చివరి పాదం దాచుకుంటున్నారు సరే, దాన్ని ఎప్పుడు బయటికి తీయాలో ఆ జూలియన్ చెప్పాడా?

అత్త

*

దక్షిణ లండన్,
మే

అత్తా, అత్తా, అత్తా!

చెప్పలేదు. ఎప్పుడు బయటికి తీయాలో ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆఖరి ప్రదర్శన నిన్న మధ్యాహ్నం అయింది. మోకాలు నొప్పని నువ్వు రాలేదు గాని, వచ్చుంటే నవ్వలేక చచ్చేదానివి. మొదట పాడిన కుర్రాడు అలవాటు కొద్దీ చివరి పాదం ముందే ఆగి వంగి దండం పెట్టేశాడు. పియానో మాత్రం ఒంటరిగా ఊరు చేరింది. రెండో అమ్మాయి పాడబోయింది, నెలల తరబడి నోట పలకని మాటలు, ఒక్కటీ గుర్తు రాలేదు. ఇంకొకడు ఏజెంట్ల మొహాల మీదే లలలా అన్నాడు. ఏజెంట్లు ఇదేదో కొత్త పోకడ అనుకుని బుద్ధిగా రాసుకున్నారు. జూలియన్ తెర పక్కన గోళ్ళు కొరుక్కుంటూ "అమోఘం, అమోఘం" అంటున్నాడు, ఏడుపు గొంతుతో.

తర్వాత నేను. హాలు నిండా జనం. అంతమందిని చూడగానే ఇక దాచాల్సిన పని లేదని ఒంటికే తెలిసిపోయింది. ఆ పాదం నా గొంతులో ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకే తెలీదు అత్తా. పాడాను. ఆ పిల్ల నిజంగా అప్పుడే పడవ ఎక్కింది, నేనూ దానితో ఎక్కాను.

ఆట అయ్యాక ప్రూ లాడ్బ్రూక్ అని ఒక ముసలి ఏజెంటు, చేతిలో శాండ్‌విచ్‌తోనే నా దగ్గరికి వచ్చింది.

"ఏమే పిల్లా, నువ్వు పాంటో బిడ్డవి కదూ?" అంది.

జూలియన్ పక్కనే ఉన్నాడు. అయినా చెప్పాను. "అవునండీ. మా అత్త దేవకన్య. మోర్‌కామ్‌లో."

"అనుకున్నాను. వీళ్ళంతా ఎందుకు దాచారో వీళ్ళకే తెలీదు. నీకు తెలుసు" అని, శాండ్‌విచ్ ఎడంచేతికి మార్చి, కుడిచెయ్యి ఇచ్చింది. నన్ను తీసుకుంది!

జూలియన్ కూడా నన్ను కావలించుకున్నాడు. పక్కింటి పిన్నిలో ఇంత లోతుందని మొదటిరోజే కనిపెట్టాడట.

నీ బెవ్

*

లండన్,
జూలై

అత్తా,

కూర్చుని చదువు. నాకు మొదటి వేషం వచ్చింది. ఎక్కడో తెలుసా? మన ఎంప్రెస్‌లో! ఈ క్రిస్మస్‌కి! ప్రూ కబురు పంపింది, ఎంప్రెస్ మనుషులు లండన్ వచ్చి నా పాట విన్నారు, ఒప్పుకున్నారు. ఇసబెల్ వేన్ అంటే వాళ్ళకేం తెలుసు, పిల్లింగ్ ఇంటి పిల్లనని?

ఒక్కటి అర్థం కాలేదు. కాగితంలో నా వేషం 'దేవకన్య' అని ఉంది. రాయడంలో పొరపాటా? లేక నువ్వు ఈ ఏడు మహారాణి వేషం కడుతున్నావా? నాకొక్క మాటైనా చెప్పలేదేం? ఇంకా సంతకం పెట్టలేదు. వెంటనే రాయి.

బెవ్

*

మోర్‌కామ్,
జూలై

బెవ్,

పొరపాటు కాదు. డెస్మండ్ ఇప్పించిన టీ అందుకే. "ఐవీ, నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు. ఇక హాయిగా ముందు వరసలో కూర్చుని చూడు. మాకు కొత్త మొహం కావాలి" అన్నాడు. బన్ను మీద జాము బాగా రాయించాడు, అదొక్కటీ మెచ్చుకోవాలి.

నీకు చెప్పలేదు. చెబితే ఆ పరీక్ష గదిలో నీ కాళ్ళు వణికేవి. ఇంకో కారణం కూడా ఉంది. చెప్పనంతవరకూ నేనింకా దేవకన్యనే కదా.

నీ ఉత్తరం చెత్తబుట్టలో పారేశాను. మళ్ళీ తీసి చదివాను. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల వస్తుందనుకున్నాను. దాన్ని తిట్టుకోవడానికి మంచి మంచి తిట్లు కూడబెట్టుకున్నాను. నువ్వు వచ్చి అన్నీ వృథా చేశావు.

పెద్దమనసుతో ఆశీర్వదిస్తాననుకోకు. నాకు కుళ్ళుగా ఉంది. ఇరవై రెండేళ్ళ కాళ్ళు, ఇరవై రెండేళ్ళ గొంతు, నా రెక్కలు. అయినా సంతకం పెట్టు. నువ్వు మానేస్తే ఆ రెక్కలు నాకు తిరిగి రావు, డెస్మండ్ ఇంకో పిల్లకి కడతాడు. అది రిహార్సల్లో చివరి పాదాలు చదివేస్తుంది.

మొదటి ఆటకి మాత్రం నన్ను పిలవకు. రాను.

ఐవీ

*

లండన్,
ఆగస్టు

అత్తా,

సంతకం పెట్టాను. పెడుతూ ఏడ్చాను. ప్రూ "జీతం అంత తక్కువా?" అంది.

పేరు మాత్రం మార్పించాను. గోడలమీద ఇసబెల్ వేన్ ఉండదు. బెవర్లీ పిల్లింగ్ ఉంటుంది, చేపల కొట్టులా ఉన్నా సరే. జూలియన్‌కి తెలిసి ఫోను చేశాడు, పాంటోలో చేరితే నా ఫోటో గోడమీంచి తీసేయాల్సి వస్తుందని. తీసి నీకు పంపమన్నాను.

నేను వచ్చాక ఇంట్లో ఉండనిస్తావా? లేదంటే వేరే గది చూసుకుంటాను. నువ్వు తిట్లు కూడబెట్టుకున్నావు కదా, అవన్నీ రోజుకొకటి చొప్పున తింటాను.

బెవ్

*

ఎంప్రెస్ థియేటర్,
నీ గది తలుపు బయటినుంచి,
డిసెంబరు

బెవ్,

తలుపు కొట్టలేదు. లోపల నీ చుట్టూ జనం ఉన్నారు, నా మొహం చూపించే స్థితిలో లేదు. అందుకే టికెట్లమ్మే పిల్ల దగ్గర కాగితం అడుక్కుని ఇది రాసి తలుపు కింద తోస్తున్నాను.

రానన్నాను. పొద్దున నువ్వు కాఫీ తాగకుండా వెళ్ళిపోయావు, ఆ కప్పు చూస్తూ కూర్చున్నాను, కూర్చోలేక కోటు తొడుక్కున్నాను. టికెట్టు కొనుక్కున్నాను. డెస్మండ్ ఊరికే ఇస్తానన్నాడు, వద్దన్నాను. చివరి వరస, స్తంభం వెనక.

ఇంటర్వెల్ దాకా కుళ్ళుతోనే చూశాను. నీకు మంత్రదండం పట్టుకోవడం రాదు, గరిటె పట్టుకున్నట్టు పడతావు. రెండో పాటలో ఎడమ కాలు ముందు వేశావు. నా పక్కావిడ "ఈ దేవకన్య బాగుంది కదండీ, పోయినేడు ముసలావిడ చేసింది" అంది. ఆ పక్కావిడ ఇంకా బతికే ఉంది. నా సహనం చూడు.

అన్ని రోజులూ రిహార్సల్ అయి ఇంటికి వచ్చినా, ఆ రెండు పాదాలు నువ్వు నా ముందు కూడా ఒక్కసారి పలకలేదు. ఇవాళ పలికావు. ఆ పాదాలు నేను వేలసార్లు చెప్పాను పిల్లా, ఒక్కసారీ జనంలో కూర్చుని వినలేదు. చెప్పే మనిషికి వినే కుర్చీ ఎవరిస్తారు? ఇవాళ విన్నాను.

ఎంత చెత్త పాదాలే అవి! 'మంచి గెలిచింది, మబ్బు తొలిగింది, మా ఊరి పిల్లలకు మంచి రోజొచ్చింది.' ఇన్నేళ్ళూ ఈ చెత్తనా నేను అంత ఠీవిగా చెప్పింది? ఇంతమందిలో ఒక్కరైనా నాకు చెప్పలేదేం?

చెప్పి ఉంటే బాగుండేది. చివరి వరసలో స్తంభం పట్టుకుని, కోటు చెయ్యి నోట్లో కుక్కుకుని, నేను ఇంత ఏడ్చేదాన్ని కాదు.

ఇంటికి రా. కోడి కూర వండుతాను.

అత్త